సెప్టెంబరు టిక్కెట్టు

12 జనవరి 1987, సోమవారం

మినప్పప్పు రుబ్బి వడియాలు పెట్టాను. ఎండ చాలలేదు, రేపు మళ్లీ ఆరబెట్టాలి. బియ్యం ఏరాను. ఆయన చొక్కాలు మూడు ఇస్త్రీ. కార్డు మీద కిరసనాయిలు అయిదు లీటర్లు తెచ్చాను. పాలవాడి లెక్క సరిచూస్తే నెలలో లీటరున్నర తేడా వచ్చింది, ఒప్పుకున్నాడు. చర్చి స్త్రీల సమాజం చందాల పుస్తకం రాశాను. అన్నీ అయ్యేసరికి మూడు గంటలు.

నాలుగింటికి రెబ్కా వదిన నల్లపాడు నుంచి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. సంచిలో పాత చీర, చీరలో మడిచి నలభై వేలు. స్టేషను దగ్గర ఉన్న అయిదు సెంట్ల స్థలం అమ్మేసిందట. మాతో ఒక్క మాటైనా అనలేదు. అక్క ముందు ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు, ఇవాళ పెంచారు. ఆయన అరవడం అయ్యాక వదిన నావైపు తిరిగింది.

"సలోమీ, లెక్కలు నువ్వు బాగా చూస్తావు. జర్మనీకి పోయి రావాలంటే ఎంతవుతుందో చూడు. ఇద్దరికి. అక్కడ ఇంగ్లీషు మాట్లాడ్డానికి నువ్వుండాలి."

ఎందుకని అడగనక్కర్లేదు. హెడ్విగ్ సిస్టరమ్మ కోసం. ఆవిడ ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి అరవై ఎనిమిదిలో వాళ్ల దేశం వెళ్లిపోయారు. పదహారేళ్లప్పుడు టైఫాయిడ్‌తో పోవలసిన వదినను ఇరవై రోజులు పక్కన కూర్చుని బతికించింది ఆవిడే. తర్వాత పసిపిల్లల వార్డులో ఆయాగా పెట్టుకుని పని నేర్పిందీ ఆవిడే. ఇప్పుడు ఎనభై మూడేళ్లు. ఎల్మ్‌బెక్ అనే ఊళ్లో, రిటైరయిన సిస్టర్లుండే ఇంట్లో ఉంటున్నారు. తెలుగు మనలాగే మాట్లాడతారు గాని అక్షరాలు అబ్బలేదు, అందుకని ఉత్తరాలు ఇంగ్లీషులో రాస్తారు. వదినకు ఇంగ్లీషు రాదు. పంతొమ్మిదేళ్లుగా చదివిపెట్టేది నేనే, జవాబు రాసేదీ నేనే.

"ఒకసారి మొహం చూసి, పండుమిరప గోంగూరతో ఒక ముద్ద కలిపి పెట్టి వచ్చేస్తాను. నాకింకేం పని లేదు అక్కడ" అంది వదిన. సిస్టరమ్మ ప్రతి ఉత్తరంలోనూ గోంగూర ఊసెత్తుతారు.

నేను మద్రాసు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. తొమ్మిదో తరగతిలో భూగోళానికి నాకు బహుమానంగా ఇచ్చిన అట్లాసు ట్రంకుపెట్టె అడుగున ఉంది. తీసి దుమ్ము తుడిచాను.

19 జనవరి, సోమవారం

కొత్తపేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఖాజావలి గారు దుబాయి, కువైట్ వెళ్లేవాళ్లకు టిక్కెట్లు కూడా చేస్తారు. ఆయనా నేనూ వెళ్లాం. పాస్‌పోర్టు ఫారాలు ఇచ్చారు. నేను అడిగినవి పద్నాలుగు ప్రశ్నలు, కాగితం మీద వరసగా రాసుకుని వెళ్లాను. ఏ నెలలో టిక్కెట్టు చౌక అన్నది ఏడో ప్రశ్న. ఖాజావలి గారు నవ్వారు.

"అమ్మా, ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. దుబాయి పోయేవాడు ఒక్కడూ ఈ ప్రశ్న అడగలేదు. రేపు పోతే ఎంత అంటాడు, అంతే."

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఎక్కువ రేటట: మనిషికి పన్నెండు వేల ఆరు వందలు. సెప్టెంబరు పదిహేను దాటితే తొమ్మిది వేల రెండు వందలు.

ప్రస్తుతానికి లెక్క: ఎల్మ్‌బెక్, పది రోజులు.

1 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక నల్లపాడు వెళ్లాను. వదిన ముందు రోజే సత్తెనపల్లి వైపు నుంచి పండుమిరప తెప్పించింది. కాయలు తుడిచి, తొడిమలు తీసి, ఇద్దరం కలిసి తొక్కాం. చేతులు ఇంకా మండుతున్నాయి. గోంగూర రెండు రోజులు నీడన ఆరబెట్టి ఉంచింది. పచ్చడంతా రెండు సేర్ల జాడీకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టింది. అక్కడికి వెళ్లాకే విప్పుతానంది. రుచి చూద్దామని వేలు పెట్టబోతే నా చేతి మీద కొట్టింది. నవ్వుకున్నాం.

10 ఫిబ్రవరి, మంగళవారం

ఖాజావలి గారు మద్రాసు నుంచి ఒక యూరపు గైడు పుస్తకం తెప్పించి ఇచ్చారు, చదివి తిరిగి ఇవ్వాలి. మూడు రోజుల్లో చదివాను. ఇంత చదివి ఎన్నాళ్లయిందో.

రైలు పాసు అని ఒకటుంది. పదిహేను రోజులు, ఎన్ని దేశాలైనా, ఎన్ని రైళ్లయినా. మనిషికి మూడు వేల ఆరు వందలు. స్విట్జర్లాండులో సరస్సు మీద పడవలకు కూడా అదే చెల్లుతుందట. లాడ్జీలో ఒక రాత్రికి మనం నెలకు కట్టే అద్దె అవుతుంది, కాబట్టి లాడ్జీల మాట లేదు. రాత్రి రైల్లో పడుకుంటే ఆ రాత్రి ఖర్చు మిగులుతుంది, తెల్లారేసరికి ఇంకో దేశం వస్తుంది. మిగతా రాత్రులు యూత్ హాస్టళ్లు. పేరు యూత్ అని ఉన్నా కార్డుంటే పెద్దవాళ్లనూ రానిస్తారు, ఒక్క బవేరియాలో తప్ప. అక్కడ ఇరవై ఏడు దాటితే రానివ్వరు. నాకు నలభై ఎనిమిది, వదినకు అరవై ఒకటి. అందుకని మ్యూనిచ్ పగలు చూసి సాయంత్రం రైలెక్కాలి.

తిండి: పొద్దున హాస్టల్లో ఇచ్చే రొట్టె. మధ్యాహ్నం కొట్లో కొన్న రొట్టె, పెరుగు, మన కారప్పొడి. అటుకులు మూడు కిలోలు ఇక్కడి నుంచే. నీళ్లు కాచుకునే కాయిల్ ఒకటి. హోటల్లో కూర్చుని తినడం వారానికి ఒక్కసారి, అదీ మధ్యాహ్నమే, రాత్రి భోజనం కంటే సగం ధరట. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. కొన్ని మ్యూజియాలు వారంలో ఒకరోజు ఊరికే చూడనిస్తారు. ఏ ఊళ్లో ఏ రోజో రాసుకున్నాను. సామాను ఒక్కొక్కరికి ఒక సంచి, మెట్లెక్కి దిగేటప్పుడు కూలీ దొరకడు.

వంటింట్లో ఎరువుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు మీద మంచుకొండ, సరస్సు, తెల్ల పడవ ఉన్నాయి. అది లూసర్న్ అట, కింద చిన్నక్షరాల్లో ఉంది. పాసుతో ఎక్కే పడవ ఇదే.

ఇరవై ఒక్క రోజులు, ఆరు దేశాలు. అందులో ఎల్మ్‌బెక్ అయిదు రోజులు. సెప్టెంబరు రేటు అయితే సరిగ్గా సరిపోతుంది:

టిక్కెట్లు 18,400
పాసులు 7,200
డాలర్లు కొనడానికి 11,700
పాస్‌పోర్టు, వీసా, మద్రాసు ప్రయాణాలు 1,500
బూట్లు, స్వెట్టర్లు 1,200
మొత్తం 40,000

పైసా అటూ ఇటూ లేదు. ఇంత అందంగా కుదిరిన లెక్క నేను ఇంతవరకూ వేయలేదు.

24 ఫిబ్రవరి, మంగళవారం

సిస్టరమ్మ ఉత్తరం వచ్చింది. వదిన సాయంత్రం వచ్చేలోపు ఒకసారి చదివి ఉంచుకున్నాను, ఎప్పుడూ చేసేదే. మేం వస్తామని రాసినందుకు ఎంత సంతోషమో రాశారు. మంచు కురుస్తోందట. తోటలో ఒక పిట్ట వస్తోందట. గోంగూర విత్తనాలు ఒకసారి కుండీలో వేస్తే మొలిచి చలికి చచ్చిపోయాయట.

చివర మూడు వాక్యాలు: డాక్టరు నా గుండె గురించి మంచి మాట చెప్పడం లేదు. వీలైతే వసంతంలోనే రండి. వేసవి దాకా ఆగకండి.

వదినకు చదివేటప్పుడు పిట్ట దాకా చదివాను, గోంగూర దాకా చదివాను. వదిన నవ్వింది. ఆ తర్వాత "ప్రభువు మిమ్మల్ని దీవించును గాక" అన్నది చదివి మడిచేశాను.

ముసలివాళ్లు ప్రతి ఉత్తరంలోనూ ఇలాగే రాస్తారు. చేతిరాత నిలకడగానే ఉంది. పైగా పాస్‌పోర్టులే ఇంకా రాలేదు. వచ్చాక చెప్పొచ్చు.

25 ఫిబ్రవరి

వదినకు బాకీ: మూడు వాక్యాలు.

ఇలా రాసుకుంటే మర్చిపోను.

8 మార్చి, ఆదివారం

ఈస్టరు సెలవుల్లో వెళ్లి రాకూడదా, అక్క తొందర పడుతోంది అన్నారు ఆయన. నేను రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపించాను. ఏప్రిల్‌లో వెళితే టిక్కెట్లకే ఆరు వేల ఎనిమిది వందలు ఎక్కువ. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. పెన్సిలు తీసుకుని కూడికలు సరిచూసి, కరెక్టే, సెప్టెంబరే నయం అన్నారు.

ఆయన కూడా చూశారు కదా.

27 మార్చి, శుక్రవారం

పాస్‌పోర్టులు వచ్చాయి. ఫొటోలో నేను దొంగలా ఉన్నానని వదిన అంది.

యార్డుకు పోయే మిరప లారీలతో రోడ్డంతా ఘాటు, బడి నుంచి వస్తూ ఆయన తుమ్ములాపలేదు. కిటికీలు మూసి కూర్చున్నాను. ఖాజావలి గారు కబురు పెట్టారు: ఏప్రిల్ ఇరవైకి సీట్లు ఉన్నాయి, ఆలస్యం చేస్తే ఉండవు అని. సెప్టెంబరుకే చేయమని చీటీ రాసి పంపించాను.

ఎల్మ్‌బెక్ మూడు రోజులు చాలు. పెద్దావిడను ఎక్కువ మాట్లాడించి అలసట పెట్టకూడదు. మిగిలిన రెండు రోజులూ వెనిస్‌కు కలిపాను.

17 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

ఆరాధన మూడు గంటలు. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లలేదు. కడుపులో బాగాలేదని ఆయనతో చెప్పాను. వదిన నా పక్కనుంచి లేచి వెళ్లి, తీసుకుని వచ్చి కూర్చుంది. నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

22 ఏప్రిల్, బుధవారం

ఉత్తరం. చేతిరాత వేరే. ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఎవరో, పేరు ఆంకె, సిస్టరమ్మ తరఫున రాసింది. ఈస్టరు శుభాకాంక్షలు. తర్వాత:

ఆమె ఇప్పుడు మంచం దిగడం లేదు. రెబ్కా ఎప్పుడు వస్తుందని రోజూ అడుగుతున్నారు. ఆమె గది పక్కనే మీకు ఒక గది సిద్ధం చేశాం. తేదీ తెలిస్తే ఆమెకు చెప్తాం.

వదిన పీట మీద కూర్చుని వింటోంది. కంటి పొర వల్ల కాగితం మీద నలుపు ఎంత ఉందో మాత్రమే కనిపిస్తుంది తనకు. "రెండు వైపులా నిండా రాసుంది. ఇంతేనా?" అని అడిగింది. అప్పుడు నా నోటి నుంచి వచ్చింది, కాగితం మీద లేనిది: సెప్టెంబరులో ఇక్కడ బాగుంటుంది, అప్పుడే రండి అంటున్నారు అని.

వదిన మొహం విప్పారింది. "చూశావా, నీ లెక్కే ఆవిడ లెక్క కూడా" అంది.

బాకీ: ఏడు వాక్యాలు. చదివింది అదనం: ఒకటి.

23 ఏప్రిల్

ఖాజావలి గారి దగ్గరికి వెళ్దామని చీర మార్చుకున్నాను. మే నెలకు అడుగుదామని. ఎండ బాగా ఉంది. వెళ్లలేదు.

24 ఏప్రిల్

వెళ్లాను. మేలో సీట్లున్నాయి, అదే రేటు, పన్నెండు వేల ఆరు వందలు. మార్చమంటారా అని ఖాజావలి గారు పెన్ను తీశారు. పాసుల సంగతి అడిగాను. డబ్బు అటు పోతే పాసులు ఎక్కణ్ణించి వస్తాయమ్మా అన్నారు. నిజమే. ఆలోచించి చెప్తానన్నాను.

బల్ల మీద పెన్ను మూత తీసే ఉంది. నేను వచ్చేశాను.

11 మే, సోమవారం

కారం ఆడించాను, నాలుగు కిలోలు. పచ్చళ్ల జాడీలు కడిగి ఎండబెట్టాను. మామిడికాయ ముక్కలు కొట్టించాను. అన్నీ సవ్యంగా అయ్యాయి.

ఆలోచించలేదు.

24 జూన్, బుధవారం

ఆంకె రాసింది. నల్ల అంచు కవరు.

జూన్ తొమ్మిది తెల్లవారుజామున సిస్టర్ హెడ్విగ్ ప్రశాంతంగా ప్రభువులో నిద్రించారు. చివరి వారం ఆమె మాతో మాట్లాడిందంతా మీ భాషలోనే. మాలో ఎవరికీ అది రాదు కనుక ఏమడుగుతున్నారో తెలియక బాధపడ్డాం. చర్చి వెనక మా తోటలోనే సమాధి చేశాం. రెబ్కా ఎప్పుడు వచ్చినా ఆమె గది రెబ్కాదే.

వదిన ఈ వారం రాదు, కీళ్లనొప్పులు.

కవరు అట్లాసులో పెట్టాను. యూరపు పేజీలో.

26 జూన్

పన్నెండు వాక్యాలు.

5 జులై, ఆదివారం

చెప్పలేదు. నొప్పులతో ఉన్న మనిషికి ఎలా చెప్తాం.

19 జులై, ఆదివారం

వదినకు బూట్లు కొన్నాం, మేజోళ్లు కూడా. అరవై ఏళ్లు చెప్పులతో నడిచిన కాళ్లు. చర్చి ఆవరణలో రోజూ సాయంత్రం బూట్లు వేసుకుని నాలుగు చుట్లు నడుస్తోందట. పిల్లలు వెనక పడి, దొరసాని వస్తోంది అని ఏడిపిస్తున్నారు. "ఆవిడ గేటు దగ్గర నేను కుంటుతూ కనిపిస్తే, టైఫాయిడ్ తగ్గలేదా ఇంకా అంటుంది" అని వదిన నవ్వుతూ చెప్పింది.

సిస్టరమ్మకు ఉత్తరం చెప్పింది, నేను రాశాను. సెప్టెంబరు పదహారున బయల్దేరుతున్నాం. జాడీ భద్రంగా ఉంది. నీకు డాక్టర్లు ఉప్పు తగ్గించమన్నారేమో అని ఉప్పు తగ్గించే పెట్టాను. చెప్పిన ప్రతి మాటా ఇంగ్లీషులో రాశాను, ఒక్కటీ వదల్లేదు. ఈసారి వదల్లేదు.

పోస్టు చేయలేదు.

2 ఆగస్టు, ఆదివారం

ఒకమాట ఇక్కడైనా రాసుకోవాలి. చెప్పకపోవడానికి వదిన నొప్పులు కారణం కాదు. చెబితే ప్రయాణం మానేద్దామంటుందని.

కాదు, అదీ పూర్తిగా కాదు. ఇప్పుడు చెబితే ముందువి కూడా చెప్పాలి.

14 ఆగస్టు, శుక్రవారం

వీసాలు వచ్చాయి. పాసులు కొన్నాం. నీలం అట్ట, లోపల రైలు బొమ్మ. నా పేరు టైపు చేసి ఉంది. నా పేరు అచ్చులో చూసుకోవడం పెళ్లి శుభలేఖ తర్వాత ఇదే.

సంతోషంగా ఉండాల్సిన రోజు.

22 ఆగస్టు

క్యాలెండరు తీసేశాను. గోడ మీద నాలుగు మూలలా మరక మిగిలింది. ఆయన అడిగితే నెల మారుతోంది కదా అన్నాను. నెల ఇంకా మారలేదు.

2 సెప్టెంబరు, బుధవారం

ఇల్లు ఊడ్చాను. పప్పు, వంకాయ కూర. సంచులు రెండూ సర్ది తూచాను: నాది పదకొండు కిలోలు, వదినది తొమ్మిది, జాడీతో కలిపి. ఇంతవరకే పని జరిగింది.

పదకొండింటికి వదినా ఆయనా పోస్టాఫీసు నుంచి వచ్చారు. తంతి ఫారం తెచ్చారు. ఏ రోజు ఏ రైలుకు ఎల్మ్‌బెక్‌లో దిగుతామో ముందే తెలిస్తే సిస్టరమ్మ స్టేషనుకు మనిషిని పంపుతుందని వదిన ఆలోచన. పోయిన ఉత్తరానికి జవాబు రాలేదు, ఎప్పుడూ నెలలో వస్తుంది, అందుకని తంతి ఇద్దాం అందట. ఆయన ఫారం నింపారు. అడ్రసు తప్పులుంటే దిద్దమని నా చేతికిచ్చారు. సిస్టర్ హెడ్విగ్ అని పెద్దక్షరాల్లో రాసి ఉంది.

అడ్రసులో తప్పుల్లేవు. నేను చాలాసేపు చూశాను.

"ఇవ్వొద్దు వదినా. తీసుకోవడానికి ఆవిడ లేరు."

ఆయన నావైపు చూశారు. వదిన మాత్రం బూట్లకేసి చూసుకుంది. అటే చూస్తూ అడిగింది.

"ఎప్పుడు?"

"జూన్ తొమ్మిది."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇరవై నాలుగున."

వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంది. లెక్క ఎంత వచ్చిందో చెప్పలేదు. బూట్ల లేసులు విప్పుకుని, రెండూ జతగా గోడ పక్కన పెట్టింది. ఉత్తరాలు ఉన్నాయా అంది. ఉన్నాయన్నాను.

"తీసుకురా. మొదటి నుంచి చదువు. ఉన్నది ఉన్నట్టు. పిట్ట వద్దు, మంచు వద్దు. నువ్వు నాకు చదవనివి చదువు."

నేను చెప్పకుండానే తెలిసిపోయింది తనకు, ఇవాళే, ఆ కాస్తసేపట్లోనే. ఫిబ్రవరి ఉత్తరంలో మూడు, ఏప్రిల్ ఉత్తరంలో నాలుగు చదివాను. సెప్టెంబరులో బాగుంటుందన్నది ఆవిడ మాట కాదు, నాదని చెప్పాను. జూన్ ఉత్తరం చదువుతుంటే రెండో వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"అది మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. ఆమె మాతో మాట్లాడిందంతా మీ భాషలోనే. ఇంకోసారి చదవమంది. చదివాను.

"దాహం అంటే దాహం అని వాళ్లకెలా తెలుస్తుంది" అంది వదిన. గట్టిగా అనలేదు. "పక్కకి తిప్పు అంటుంది. దుప్పటి అంటుంది. చిన్నపిల్లల్లా చూస్తూ నిలబడి ఉంటారు. నా దగ్గర ఆవిడ ఇరవై రోజులు కూర్చుంది. నేను ఒక్కరోజు..."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. మిగిలిన వాక్యాలు కూడా చదివేశాను, ఆపితే మళ్లీ చదవలేనని.

ఏప్రిల్‌లో వెళితే ఎంత ఎక్కువయ్యేది అని అడిగింది. ఆరు వేల ఎనిమిది వందలు అని చెప్పాను.

"నా డబ్బే కదా సలోమీ అది. చాలకపోతే గాజులున్నాయి. అడిగితే ఇవ్వనా?"

డబ్బు కాదని అప్పుడు చెప్పాను. ఆ డబ్బు టిక్కెట్లకు పోతే పాసులుండవు, పాసులు లేకపోతే నా ఊళ్లుండవు, అందుకని చదవలేదని. ఈ డైరీలో కూడా ఇంతవరకు అలా రాసుకోలేదు.

"ఏ ఊళ్లు?"

లూసర్న్, వెనిస్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్. ఒక్కొక్కటి పైకి చెప్తుంటే నా గొంతు నేనే వినలేకపోయాను. వదిన అన్నీ విన్నది. బాగుంటాయా అని అడిగింది. బాగుంటాయంటారు, నేను చూళ్లేదు అన్నాను.

"అయితే పోయి చూడు. పాసు కొన్నావుగా, పారేస్తామా. నేను ఆ ఇంట్లో ఉంటాను. గది నాదేనన్నారు కదా."

ఎత్తిపొడుపా, నిజంగా అందా అని మొహం వంక చూశాను. తెలియలేదు. చెప్పులు నా ఇంట్లో లేవు తనకి, బూట్లు వేసుకోలేదు. వట్టికాళ్లతో వెళ్లి రిక్షా ఎక్కింది.

రాత్రి అన్నం దగ్గర ఆయన ఒక్క మాట అన్నారు: "నాకు చూపించిన లెక్కలో ఆ ఉత్తరం లేదు సలోమీ."

3 సెప్టెంబరు

వడ్డించాను. ఆయన తినలేదు.

4 సెప్టెంబరు, శుక్రవారం

పొద్దున్నే ఖాజావలి గారి దగ్గరికి వెళ్లి రెండు పాసులూ వాపసు ఇచ్చేశాను. వందకు పదిహేను చొప్పున కోత, మొత్తం వెయ్యి ఎనభై. అది నా చీటీ డబ్బులోంచి వేశాను, వదిన డబ్బు తక్కువ కానివ్వలేదు. తిరుగు ప్రయాణం పది రోజులకు మార్చమన్నాను. ఇన్ని నెలలు కష్టపడి ప్లాను వేశారు, ఏమైందమ్మా అని అడిగారు ఆయన. ఒక ఊరే చాలనుకున్నామని చెప్పాను.

"మొదట వచ్చినప్పుడు మీరు అడిగింది ఒక ఊరే" అన్నారు. నిజమే, పది రోజులు, ఎల్మ్‌బెక్. జనవరి పంతొమ్మిదిన నేనే రాసిన లెక్క.

అట్లాసు ఇంటికి రాగానే ట్రంకులో పెట్టేశాను.

5 సెప్టెంబరు, శనివారం

బూట్లు తీసుకుని నల్లపాడు వెళ్లాను. వదిన వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేనే కూర్చుని ఒక కుప్ప ముందుకు లాక్కుని గింజలు తీశాను. పాసుల సంగతి చెప్పాను. ఎందుకిచ్చేశావు, నేను పొమ్మన్నాను కదా అంది. పోబుద్ధి కాలేదన్నాను. వేరే చెప్పగలిగింది ఏమీ లేదు.

మీరు నన్ను రావొద్దంటే ఆయన వస్తారు, ఇంగ్లీషు ఆయనకూ వచ్చు అన్నాను. వదిన తీసిన గింజలన్నీ ఒక పక్కకు ఊడ్చింది.

"నువ్వే రా. సమాధి మీద ఏదో రాసుంటారు. నాకు చదివి చెప్పాలి."

సరేనన్నాను, జర్మన్‌లో ఉంటే ఆంకెతో ఇంగ్లీషులో చెప్పించుకుంటానన్నాను.

"అంతా చదవాలి."

"అంతా చదువుతాను వదినా."

జాడీ సంగతి ఏం చేద్దామని అడిగాను. ఆంకె అనే ఆ అమ్మాయికి పెడతానంది. ఆవిడ రోజూ దేని గురించి చెప్పి ఉంటుందో, ఆ పిల్లకు తెలియాలి కదా అంది. కారం తట్టుకోలేదేమో అన్నాను. పెరుగన్నంలో పెడతాను, అంత తెలియదా నాకు అని కసిరింది. మూడు రోజుల తర్వాత నన్ను కసరడం ఇదే.

లేచేటప్పుడు బూట్లు కాళ్లకు తొడగబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది. తనే వేసుకుంది. వాకిట్లో అటూ ఇటూ నడిచి చూసుకుంది, మడమ దగ్గర ఇంకా ఒరుస్తోందట, దూది పెట్టాలి. నేను గేటు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది.

"నువ్వు పుస్తకంలో రాసుంటావు ఇదంతా. ఎన్ని బాకీ అని."

రాశానన్నాను. పన్నెండు అని చెప్పాను.

"చదివేశావుగా. కొట్టెయ్యి. లేకపోతే ఆ పది రోజులూ నా పక్కన కూర్చుని మొహం వేలాడేసుకుని ఉంటావు. అక్కడ నాకు నీతో పనుంది."

అది క్షమించడమో కాదో నాకు తెలియదు. అడగలేదు. కొట్టెయ్యమంది కాబట్టి రాస్తున్నాను.

రెబ్కా వదినకు చదవాల్సిన వాక్యాలు: పన్నెండు. చదివినవి: పన్నెండు. అదనంగా చదివింది ఒకటి, వెనక్కి తీసుకున్నాను.

చెల్లు.